ఇంట్లో కట్టెల స్టాండు – అందం, పొదుపు, భద్రత

వర్షాలు వెనుకబట్టి కార్తీక మాసం ప్రవేశించగానే మన భిలాయిలో తెల్లవారుజామున చలిగాలి మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సమీపానికి దిగడం ఇక్కడ నివసించే వారందరికీ అనుభవమే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వంటి కోస్తా జిల్లాల నుండి ఉద్యోగార్థం వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ చలి మొదట కొత్తగా తోచినా, క్రమంగా అలవాటైపోయింది. చలితోపాటు ప్రతి యేటా మన ఇళ్ళలోకి ప్రవేశించే మరొక అతిథి కట్టెల మోపు. ఆ అతిథికి ఇంట్లో తగిన చోటు ఎలా కల్పించాలన్నదే ఈ నెల మా శీర్షికలో విషయం.

గ్యాసు పొయ్యిలు, విద్యుత్ గీజర్లు ఇంటింటా వెలసిన ఈ రోజులలో కట్టెల ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు సందేహించవచ్చును. వంటకు కట్టెల అవసరం మన టౌన్‌షిప్‌లో తీరిపోయి చాలా కాలమైన మాట నిజమే. అయినప్పటికీ మూడు అవసరాలు ఇంకా మిగిలి ఉన్నాయి. మొదటిది స్నానానికి నీళ్ళు కాచే రాగి బాయిలరు. పుట్టింటి నుండి తెచ్చుకున్న బాయిలరును ఇప్పటికీ వదలని గృహిణులు మనలో ఎందరో ఉన్నారు. రెండవది పెద్దలు సాయంకాలం వసారాలో కూర్చుని కాచుకునే చలిమంట. మూడవది భోగి మంట, హోమాలు, సామూహిక భోజనాల వంటి పండుగ అవసరాలు. పదవీ విరమణ చేసి రిసాలీ, స్మృతినగర్ వంటి చోట్ల పెరడు గల సొంత ఇళ్ళు కట్టుకున్న వారికి ఈ అవసరాలు మరికొంత ఎక్కువ.

తెచ్చిన కట్టెలను మనం ఎక్కడ ఉంచుతున్నాము? స్నానాల గది మూలనో, తలుపు చాటునో, మెట్ల కిందనో గోడకు చేరవేసి ఊరుకుంటున్నాము. దీనివలన కలిగే నష్టాలు మూడు. కట్టె తేమ పీల్చుకుని పొగ విడుస్తుంది. నేల మీద పడి ఉన్న కట్టె నుండి చెదలు తలుపు చట్రాల దాకా ప్రాకుతాయి. నిప్పుకు చేరువలో ఉన్న కట్టె వలన ఇంటికే ప్రమాదం వాటిల్లవచ్చును. ఈ మూడింటినీ నివారించగల సాధనం ఒక చిన్న స్టాండు. చూపుకు ఇంపుగా ఉండి, మధ్యతరగతి సంసారానికి అందుబాటులో ఉండే స్టాండును ఎంచుకోవడం కష్టం కాదు. అయితే ఎంపికలో ధర కంటే, మెరుపు కంటే ముందుగా చూడవలసిన లక్షణం ఒకటి ఉంది. దానిలో గాలి ఎంత ధారాళంగా ఆడుతుంది, కట్టె ఎంత తక్కువగా పడుతుంది అన్నదే ఆ లక్షణం. మిగిలిన మెలకువలన్నీ దీని నుండి పుట్టినవే.

తేమకు చెల్లించే మూల్యం

ఉక్కు కర్మాగారంలో పనిచేసే వారికి ఇంధనంలోని తేమను గురించి వేరుగా చెప్పనవసరం లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేసే కోకులో తేమ ఎంత ఉన్నదో కొలిచి, దానికి అనుగుణంగా తూకాన్ని సవరిస్తారు. తేమను ఆవిరి చేయడానికి ఖర్చయ్యే వేడి వృథాయే గదా! ఇదే న్యాయం మన ఇంటి బాయిలరుకూ వర్తిస్తుంది.

పూర్తిగా ఎండిన కిలో కట్టె నుండి సుమారు 4,300 కిలోకాలరీల వేడి లభిస్తుంది. అప్పుడే నరికిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చును. అటువంటి కిలో కట్టె నుండి మనకు దక్కేది 1,850 కిలోకాలరీలకు మించదు. అదే కట్టెను కొన్ని నెలలు గాలి ఆడే చోట ఆరబెట్టి తేమను 20 శాతానికి తగ్గిస్తే, కిలోకు 3,300 కిలోకాలరీల వరకు లభిస్తాయి. కట్టెను తూకానికి కొనేటప్పుడు మనం నీటికి కూడా కట్టె ధరే చెల్లిస్తున్నామని దీనివలన తెలుస్తున్నది. పైగా తడి కట్టె సరిగా మండక దట్టమైన పొగను విడుస్తుంది. వంట చెరకు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ వంటి వాటి నుండి ఇళ్ళలో పుట్టే పొగ కారణంగా 2020వ సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పేద కుటుంబాలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే ఉజ్జ్వల పథకం మన దేశంలో 2016 మే 1న ప్రారంభం కావడానికి ముఖ్య కారణం ఈ పొగ బాధే.

కట్టె ఎండినదీ లేనిదీ తెలుసుకోవడానికి పరికరాలు అవసరం లేదు. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తాటించి చూడండి. ఎండిన కట్టె ఖణీమని మ్రోగుతుంది, పచ్చి కట్టె మొద్దుగా పలుకుతుంది. ఎండిన కట్టె కొనలలో నెర్రెలు కనిపిస్తాయి, బెరడు సులభంగా ఊడివస్తుంది. ఇట్టి కట్టెను మాత్రమే ఇంటిలోనికి రానివ్వాలి. పచ్చి కట్టెను ఆరబెట్టే చోటు పెరడే గాని ఇల్లు కాదు.

ఎంత పెద్దది కావాలి?

స్టాండు పెద్దదైతే మేలని చాలామంది భావిస్తారు. చిన్న లెక్క వేసి చూద్దాము. నలుగురు గల కుటుంబానికి బాయిలరులో నీళ్ళు కాచుకోవడానికి రోజుకు రెండు, మూడు కిలోల ఎండు కట్టె సరిపోతుంది. ఒకటిన్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల స్టాండులో తుమ్మ వంటి బరువైన కట్టె, సందులు పోగా, సుమారు 20 కిలోలు పడుతుంది. అంటే వారం రోజుల అవసరం తీరినట్లే. ఇంతకు మించిన స్టాండు కొన్నవారు దాన్ని నింపకుండా ఉండలేరు. అడుగు వరుస కట్టెలు నెలల తరబడి కదలకుండా పడి ఉంటాయి. చెదలకు, తేళ్ళకు అదే ఆహ్వానం.

మన కర్మాగారానికి సంబంధించిన ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరినదని, తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ప్రారంభమైనదని పాఠకులకు విదితమే. ఆనాడు ఇక్కడికి వచ్చిన సోవియట్ నిపుణుల దేశంలోని పల్లెటూళ్ళలో ‘పేచ్కా’ అనే ఇటుకల పొయ్యి ఇంటికి ప్రాణం వంటిది. ఆ గడ్డ కట్టే చలిలో సైతం వారు శీతాకాలానికి కావలసిన కట్టెనంతా ఇంటి బయట, చూరు కింద వరుసగా పేర్చి, లోనికి ఏ రోజుకు కావలసినది ఆ రోజే తెచ్చుకుంటారు. మన చలికి వారం రోజుల కట్టె ఇంట్లో ఉండడమే ఎక్కువ.

ఏ వస్తువుతో చేసినది మేలు?

వెదురు బుట్ట: అన్నింటిలోకి చవకైనది. దుర్గ్, సుపేలా సంతలలో విరివిగా లభిస్తుంది. సందుల నుండి గాలి బాగా ఆడుతుంది. చూపుకు కూడా సహజమైన అందం గలది. అయితే వెదురుకు పుచ్చు పట్టే స్వభావం ఉంది. అడుగు నేలకు తగులుతుంది గనుక తేమ చేరుతుంది. బుట్ట కింద రెండు ఇటుకలు ఉంచి, ప్రతి పక్షమూ ఒకసారి ఎండలో పెట్టితే రెండు, మూడు శీతాకాలాలు వస్తుంది. చితుకులు, సన్నని పుల్లలు ఉంచుకోవడానికి ఇంతకు మించినది లేదు.

ఇత్తడి గంగాళం: ఎన్నో తెలుగు ఇళ్ళలో అటక మీద పడి ఉన్న వస్తువు ఇది. చింతపండు, ఉప్పుతో తోమితే ముందు గదికే శోభనిస్తుంది. డబ్బు ఖర్చు లేని అలంకారం! కాని అడుగు మూసి ఉండడం వలన దీనిలో గాలి ఆడదు. కావున ఎండిన కట్టెను ఆ సాయంకాలానికి సరిపడా మాత్రమే ఉంచాలి. అడుగున ఒక ఇనుప చుట్టకుదురు వేస్తే కట్టె గిన్నెకు అంటుకోకుండా ఉంటుంది. పాత ట్రంకు పెట్టెలు, మూతలు గల డబ్బాలు మాత్రం ఎంత అందంగా రంగు వేసినా ఈ పనికి తగవు.

బస్తర్ ఇనుప పని: కొంచెం ఎక్కువ వెచ్చించగల వారికి మన పొరుగున ఉన్న బస్తర్ ప్రాంతపు శిల్పులను గుర్తు చేయదలచుకున్నాము. కొండగావ్ పరిసరాలలోని లోహకారులు ఇనుమును కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి దీపపు స్తంభాలను, లేళ్ళను, నెమళ్ళను, నాట్యమాడే గిరిజన రూపాలను తయారు చేస్తారు. మైనపు అచ్చుతో పోత పోసే ఢోక్రా కంచు పని వేరు, ఈ ఇనుప పని వేరు. చేతిపనుల దుకాణాలలో గాని, ప్రదర్శనలలో గాని ఆ శిల్పులు తటస్థపడినప్పుడు, కొలతలు ఇచ్చి కట్టెల స్టాండు చేయించమని కోరవచ్చును. రెండు కొనలలో రెండు లేడి తలలు గల స్టాండు వసారాలో ఉంటే, కట్టెలు లేని వేసవిలో కూడా అది అలంకారంగానే నిలుస్తుంది.

వెల్డింగు స్టాండు: ధర, మన్నిక, అందం మూడూ కలిసి రావాలనుకునే వారికి మేము సిఫారసు చేసేది ఇదే. ఉక్కు నగరంలో ఉంటూ ఉక్కు స్టాండు లేకపోవడం మనకు వెలితి కూడాను.

చేయించుకునే విధానం

పవర్‌హౌస్, సుపేలా ప్రాంతాలలోని ఏ చిన్న వెల్డింగు దుకాణంలోనైనా ఈ స్టాండును ఒక పూటలో చేసి ఇస్తారు. కావలసినది 10 మిల్లీమీటర్ల నున్నని గుండ్రటి రాడ్డు. ఇంటి నిర్మాణంలో మిగిలిన టీ.ఎం.టీ. రాడ్డు వాడవచ్చును గాని, దాని గరుకు గీతలకు బెరడు, పీచు చిక్కుకుంటాయి, తుడవడం కష్టం.

పైన చెప్పిన ఒకటిన్నర అడుగుల స్టాండుకు కొలతలు ఇవి. రెండు కొనలకు రెండు చట్రాలు ఉండాలి. ఒక్కొక్క దానిలో 16 అంగుళాల నిలువు రాడ్లు రెండు, వాటిని కలిపే 12 అంగుళాల అడ్డ రాడ్డు ఒకటి. అడ్డ రాడ్డును నేల నుండి 4 అంగుళాల ఎత్తులో అతికించాలి. ఈ 4 అంగుళాల కాళ్ళే స్టాండుకు ప్రాణం. వాటి వలన గాలి కింది నుండి ఆడుతుంది, చీపురు సులువుగా దూరుతుంది, చెదల మట్టి గీతలు వెంటనే కంటబడతాయి. రెండు చట్రాలనూ కలుపుతూ అడుగున 3 అంగుళాల ఎడంతో 18 అంగుళాల రాడ్లు ఐదు, పై అంచున రెండు వేయించాలి.

మొత్తం రాడ్డు సుమారు ఐదున్నర మీటర్లు అవుతుంది. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుందన్న సూత్రం మన పాఠకులలో చాలామందికి కంఠస్థమే. ఆ ప్రకారం 10 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 617 గ్రాములు. అంటే స్టాండు బరువు మూడున్నర కిలోల లోపు. ఆనాటి ఇనుము ధరను ఈ బరువుతో హెచ్చించి, వెల్డింగు కూలి కలుపుకుంటే న్యాయమైన ధర మీకే తెలుస్తుంది. దుకాణాలలో మెరిసే స్టాండ్లకు చెప్పే ధరతో దీన్ని పోల్చి చూసుకోండి.

వెల్డింగు చేసిన చోట్లు, రాడ్డు కొనలు నున్నగా అరగదీయించాలి. పసిపిల్లలు గల ఇంట్లో ఇది తప్పనిసరి. తరువాత ఒక పూత రెడాక్సైడు, దాని మీద రెండు పూతలు నల్లని ఎనామిల్ రంగు వేస్తే తుప్పు పట్టదు. అందాన్ని గురించి ఒక్క మాట. లతలు, పువ్వులు, వంకీలు ఎక్కువైనకొద్దీ దుమ్ము ఎక్కువ చేరుతుంది. తిన్నని గీతలు గల నల్లని చట్రంలో, ఒకే పొడవున కోసిన కట్టెలు కొనలు సమంగా ఉండేటట్లు పేర్చితే, ఆ పేర్పే అలంకారమవుతుంది. కట్టెలను అడుగు పొడవున కోయించుకోవడం వలన స్టాండు అందం పెరుగుతుంది, బాయిలరుకు చిన్న ముక్కలు చేసుకోవడమూ సులభమవుతుంది. స్టాండు కింద పాత స్టీలు పళ్ళెం ఒకటి ఉంచితే రాలే బెరడు, పొట్టు అందులో పడతాయి.

ఎక్కడ ఉంచాలి?

మండే బాయిలరుకు గాని, కుంపటికి గాని కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. బాయిలరు అడుగు నుండి జారిపడే నిప్పు కణిక ఒక్కటి చాలు, అనర్థానికి. గ్యాసు సిలిండరు ఉన్న గదిలో, విద్యుత్ స్విచ్ బోర్డు కింద, బయటికి పోయే దారికి అడ్డంగా స్టాండును ఉంచరాదు. గోడకు ఆనించక 3 అంగుళాల ఎడం వదలాలి. బట్టలు ఆరవేసే తీగ దాని మీదుగా పోకుండా చూసుకోవాలి. మన క్వార్టర్లలో వెనుక వసారా ఇందుకు అన్ని విధాలా అనువైన స్థలం.

భోగికి నెల ముందు నుండి పిల్లలు కూడబెట్టే దుంగలను, పాత కుర్చీలను ఇంట్లో దాచవద్దు. పెరట్లో ఇటుకల మీద పేర్చి, పైన మాత్రం కప్పి, ప్రక్కలు తెరచి ఉంచితే చాలు.

ఏ కట్టె లోనికి రావచ్చును?

ఛత్తీస్‌గఢ్ మైదానాలలో వరిపొలాల గట్ల మీద నల్ల తుమ్మ విస్తారంగా పెరుగుతుంది. బరువైనది, నిలకడగా మండేది, మంచి బొగ్గు ఇచ్చేది. చింత కూడా అటువంటిదే. సుబాబుల్, నీలగిరి త్వరగా అంటుకుంటాయి. మట్టి గీతలు గల కట్టెను, పొడి రాలుతున్న పుచ్చు కట్టెను వాకిలి దాటనివ్వరాదు. పెరటి మోపు నుండి కట్టె తీసేటప్పుడు, ముఖ్యంగా చీకటి వేళ, ఒట్టి చేతులు పెట్టవద్దు. తేళ్ళు, పాములు అక్కడ తలదాచుకుంటాయి.

రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, సన్‌మైకా ముక్కలు కాల్చరాదు. వాటి పొగ విషతుల్యం. రైలు పట్టాలు తయారు చేసే ఊరు మనది గనుక మరొక హెచ్చరిక కూడా అవసరం. పాత చెక్క స్లీపర్లు మన్నికకై క్రియోసోటు అనే తారునూనె పట్టించినవి. ఎంత చవకగా లభించినా వాటిని బాయిలరులో గాని, చలిమంటలో గాని, భోగి మంటలో గాని వేయకూడదు.

అన్నింటికంటే ముఖ్యమైన మాట

స్టాండు ఎంత చక్కనిదైనా, అందులోని కట్టె మండేది ఏ గదిలో అన్నది మరువరాదు. చలికి తాళలేక తలుపులు, కిటికీలు బిగించి, పడకగదిలో కుంపటి ఉంచుకుని నిద్రించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. మంట ఆరి, బొగ్గులు ఎర్రగా నిలిచినప్పుడు ప్రమాదం తొలగినదని అందరూ అనుకుంటారు. నిజానికి ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. గాలి చాలని బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది కలిసిపోతుంది. నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక కూడా అందదు.

ఈ వాయువు మనకు అపరిచితం కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో దాదాపు అయిదవ వంతు అదే. కర్మాగారంలో దాని కోసం పహరాలు, పరికరాలు, ముఖతొడుగులు, నిబంధనలు ఉన్నాయి. అంత జాగ్రత్త ఉన్న చోటనే 2014 జూన్ 12న గ్యాసు లీకై ఆరుగురు మన సహోద్యోగులు ప్రాణాలు కోల్పోయారు. షిఫ్టులో అంత అప్రమత్తంగా మెలగే మనిషి ఇంటికి వచ్చి, అదే వాయువును మంచం ప్రక్కన ఉంచుకుని, పిల్లలతో సహా తలుపు బిగించుకోవడం ఎంతటి విపరీతమో ఆలోచించండి. పడకగదిలో పరికరమూ లేదు, పహరా కాసే వారూ లేరు.

కావున కుంపటిని వసారాలోనే కాచుకోవాలి. లోనికి తేక తప్పనప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరచి ఉంచాలి. నిద్రకు ముందు దానిని బయట పెట్టి, నీళ్ళు చల్లి, పూర్తిగా ఆరినదని చూసుకోవాలి. బాయిలరు మండే స్నానాల గదిలో తలుపు మూసుకుని స్నానం చేయరాదు. బాయిలరును బయటనే మండించి, నీళ్ళు లోనికి తెచ్చుకోవాలి. కుంపటి దగ్గర కూర్చున్నవారికి తలనొప్పి, వాంతి, మగత కలిగితే అది చలి వలన అని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఆరుబయటికి తీసుకువచ్చి, సెక్టార్-9 ఆసుపత్రికి గాని, సమీపంలోని మరే ఆసుపత్రికి గాని తరలించాలి. ఈ విషయాన్ని ఉద్యోగులు తమ ఇళ్ళలోని పెద్దలకు, పనికి వచ్చే వారికి కూడా వివరించగలరని ఆశిస్తున్నాము.

మూడున్నర కిలోల ఇనుము, ఒక పూట వెల్డింగు, వారానికి సరిపడే ఎండు కట్టె, తెరచిన వసారా – ఈ శీతాకాలానికి ఇంతకంటే ఆడంబరం అవసరం లేదు. కార్తీకం వెళ్ళకముందే స్టాండు చేయించుకోండి. వచ్చే సంచికలో రాగి, ఇత్తడి పాత్రల పోషణను గురించి, ముఖ్యంగా బాయిలరులో పేరుకునే సున్నపు చట్టును తొలగించే ఉపాయాలను గురించి ముచ్చటించుకుందాము.